సెలవుల ప్రయాణంలో హెచ్‌డీఆర్ నేర్చుకోవడం: లేపాక్షి, గండికోట, బెలూం దారిలో

ప్రశ్న క్లుప్తంగా ఇది: "దసరా సెలవులకు హైదరాబాదు నుంచి కుటుంబంతో కారులో లేపాక్షి, గండికోట, బెలూం గుహలు చూడడానికి వెళుతున్నాం. నా దగ్గర నికాన్ డీ3500, దానితో వచ్చిన 18-55 లెన్సు ఉన్నాయి. ఈ ప్రయాణంలో హెచ్‌డీఆర్ ఫొటోగ్రఫీ నేర్చుకోవాలని ఉంది. కెమెరా మెనూలో బ్రాకెటింగ్ ఎంత వెతికినా కనిపించలేదు. ట్రైపాడ్ కొనాలా? ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? అసలు ఫోనులోనే హెచ్‌డీఆర్ ఉండగా ఇంత శ్రమ అవసరమా?"

హెచ్‌డీఆర్ అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుతురు మోతాదులతో కొన్ని ఫొటోలు తీసి, చీకటి భాగమూ వెలుగు భాగమూ రెండూ కనిపించేలా ఒకటిగా కలపడం. ముందు మెనూ సంగతి. మీరు సరిగ్గానే వెతికారు, అది అందులో లేదు. నికాన్ డీ3000 వరుస కెమెరాల్లో ఆటో బ్రాకెటింగ్ ఇవ్వలేదు. ఒక మీట నొక్కితే మూడు రకాల వెలుతురుతో మూడు ఫొటోలు తీసే సౌకర్యం అది. దాని కోసం కెమెరా మార్చాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. చేత్తో డయల్ తిప్పుతూ తీసేవాళ్ళకు ఏ ఫొటోలో ఏది దొరికింది, ఏది పోయింది అన్నది వేళ్ళకే తెలిసిపోతుంది. నేర్చుకునే దశలో ఉన్న మీకు ఇదే మేలు.

ఫోను ప్రశ్న న్యాయమైనది. ఇప్పటి ఫోన్లు మీరు బటన్ నొక్కే లోపే అనేక ఫ్రేములు తీసి కలిపేస్తాయి. ఐఫోనులో 2010లోనే హెచ్‌డీఆర్ వచ్చింది. తరువాత గూగుల్ వాళ్ళ పద్ధతి ఆటను మార్చేసింది. అన్నీ కాస్త చీకటిగా, ఒకే ఎక్స్‌పోజర్‌లో (సెన్సర్ మీద పడే వెలుతురు మోతాదులో) గబగబా తీసి, సరిచేసి, ఒకదానిపై ఒకటి పేర్చి, నీడలో ఉన్న భాగాన్ని పైకి లేపుతుంది. చెయ్యి కదిలినా, మనుషులు కదిలినా అది సర్దుకుంటుంది. పిల్లలు నంది ముందు నిలబడిన ఫొటోకు ఫోనే నయం, అందులో నాకు సందేహం లేదు. కానీ ఎక్కడ చీకటి ఉండాలో, ఎక్కడ వెలుగు ఉండాలో ఫోను మిమ్మల్ని అడగదు. దానికి తెలిసింది ఒకటే: అంతా కనిపించాలి. గుడి మండపంలోకి అడుగుపెట్టగానే కళ్ళకు తగిలే ఆ చల్లటి చీకటి దాని దృష్టిలో సరిదిద్దాల్సిన లోపం. మీరు నేర్చుకోవాలనుకుంటున్నది ఆ నిర్ణయాన్ని మీ చేతిలోకి తీసుకోవడం. ఆ ఒక్క సంగతి వస్తే మిగిలిందంతా మీటలూ మెనూలూనే.

కొంచెం లెక్క చూద్దాం, ఇది లేకపోతే ఏదీ అర్థం కాదు. ఫొటోగ్రఫీలో వెలుతురు ఒక స్టాప్ పెరిగిందంటే రెట్టింపు అయిందని అర్థం. రెండు స్టాపులంటే నాలుగు రెట్లు, ఏడు స్టాపులంటే 128 రెట్లు. మంచి ఎండలో ఉన్న రాతి ప్రాంగణానికి ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/8 దగ్గర షట్టర్ 1/400 సెకను సరిపోతుంది. అదే సమయంలో మండపం లోపలి స్తంభాలకు కొలిస్తే కెమెరా ఏ 1/3 సెకనో అడుగుతుంది. ఈ రెండింటి మధ్య తేడా ఏడు స్టాపులు. పైగా ఇది సగటుకూ సగటుకూ మధ్య తేడా మాత్రమే. ఎండలో మెరిసే రాయి ఇంకా పైన ఉంటుంది, స్తంభం వెనుక మూల ఇంకా కింద ఉంటుంది. రెండు కొసలూ కలిపితే మీ కెమెరా సెన్సర్ ఒకే ఫొటోలో శుభ్రంగా పట్టగలిగే పరిధిని దాటిపోవచ్చు. అప్పుడే హెచ్‌డీఆర్ అవసరం పడుతుంది.

దాటకపోతే అవసరం లేదు. కొత్తవాళ్ళు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే. హెచ్‌డీఆర్ నేర్చుకుంటున్నాం కదా అని కనిపించిన ప్రతి దృశ్యాన్నీ నాలుగేసి ఫొటోలు తీసి కలుపుతారు. డీ3500 సెన్సర్ తక్కువది కాదు. ఐఎస్‌ఓ 100లో రా ఫైలు (కెమెరా జేపెగ్‌గా మార్చకుండా దాచే ముడి ఫైలు) తీసి, ఆకాశం తెల్లబోకుండా జాగ్రత్తపడితే, నీడలను తరువాత రెండు మూడు స్టాపులు పైకి లేపినా బొమ్మ చెడదు. కాబట్టి మొదటి పరీక్ష ఇది. వెలుగు భాగాలు నిలిచేలా ఒక్క ఫొటో తీయండి. ప్లేబ్యాక్ డిస్‌ప్లే మెనూలో హైలైట్లు, హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి నుంచి కుడిన వెలుగు దాకా ఏది ఎంత ఉందో చూపే పటం) రెండూ ఆన్ చేసి పెట్టుకోండి, వెలుతురు ఎక్కువై తెల్లగా కాలిపోయిన చోట తెర మీద మిటకరిస్తుంది. మిటకరింపు ఆగే వరకు షట్టర్ వేగం పెంచండి. ఇప్పుడు హిస్టోగ్రామ్ ఎడమ కొస చూడండి. గుట్టంతా ఎడమ గోడకు అతుక్కుపోయి, ఆ చీకట్లో మీకు కావలసినది ఏదైనా ఉంటే, హెచ్‌డీఆర్ తీయండి. గోడకు కొంచెం ఎడంగా ఉంటే ఆ ఒక్క రా ఫైలు చాలు, ముందుకు నడవండి. ఒక చిన్న మెలిక: తెర మీది హిస్టోగ్రామ్ రా ఫైలుది కాదు, కెమెరా తయారుచేసే జేపెగ్‌ది. అందుకే జేపెగ్ రూపాన్ని నిర్ణయించే పిక్చర్ కంట్రోల్‌ను న్యూట్రల్ లేదా ఫ్లాట్‌లో పెట్టి, నీడలను దానంతట అదే లేపే యాక్టివ్ డీ-లైటింగ్ ఆపేయండి. అప్పుడు అది నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇక తీసే పద్ధతి. మోడ్ డయల్‌ను ఎం (మాన్యువల్) మీద పెట్టండి. ఎఫ్/8, ఐఎస్‌ఓ 100, ఆటో ఐఎస్‌ఓ ఆఫ్. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి, ఎండ గుర్తు మీద స్థిరంగా ఉంచండి. రా అయితే రంగు తరువాత మార్చుకోవచ్చు నిజమే, కానీ నాలుగు ఫ్రేములు నాలుగు రంగుల్లో కనిపిస్తే తెర మీద పోల్చడం కష్టం. ఫోకస్ ఒకసారి ఆటోలో చేసి, తరువాత మెనూలోకి వెళ్ళి మాన్యువల్‌కు మార్చండి. మీ లెన్సు ఏఎఫ్-పీ రకమైతే దాని మీద స్విచ్ ఉండదు, అంతా మెనూలోనే. కెమెరాను కదలకుండా నిలబెట్టినప్పుడు ఆప్టికల్ వీఆర్ (చేతి అదురును సర్దే సౌకర్యం) కూడా అక్కడే ఆపేయండి. రెండు సెకన్ల టైమరు పెట్టుకుంటే వేలి అదురు కూడా తగలదు.

ఈ కెమెరాలో షట్టర్ వేగం మూడో వంతు స్టాపుల్లో మారుతుంది. అంటే డయల్ మూడు క్లిక్కులు తిరిగితే ఒక స్టాప్, ఆరు క్లిక్కులకు రెండు స్టాపులు. మండపం ఉదాహరణే తీసుకుంటే, మొదటి ఫొటో 1/400. ఆరు క్లిక్కులు, 1/100. మళ్ళీ ఆరు, 1/25. మళ్ళీ ఆరు, 1/6. ఆగండి. లోపలి కొలత 1/3 అన్నాం కదా, అక్కడి దాకా ఎందుకు వెళ్ళలేదంటే, 1/3లో తీస్తే లోపల మధ్యాహ్నంలా కనిపిస్తుంది. 1/6లో లోపల వివరం ఉంటుంది, చీకటి కూడా మిగులుతుంది. తెర చూడకుండా క్లిక్కులు లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. డయల్ తిప్పేటప్పుడు ప్లస్-మైనస్ బటన్ మీద వేలు పడకూడదు, పడితే షట్టర్ బదులు అపర్చర్ మారుతుంది. అపర్చర్ మారితే ఏది స్పష్టంగా ఉంది, ఏది మసకగా ఉంది అన్నది ఫ్రేము ఫ్రేముకూ మారిపోయి, కలిపినప్పుడు అంచులు సరిపోవు. ఐఎస్‌ఓ కూడా అంతే, కదిలించవద్దు. మారాల్సింది షట్టర్ ఒక్కటే.

ప్రతి వరుసకూ ముందొకటి, తరువాతొకటి మీ అరచేతిని ఫొటో తీయండి. నవ్వుకోకండి. ఇంటికి వచ్చాక కార్డులో కొన్ని వందల ఫైళ్ళు ఉంటాయి, నల్లటివీ తెల్లటివీ కలిసి. ఏ నాలుగు ఒక జట్టో చెప్పేది ఆ అరచేయే.

ట్రైపాడ్ కొనండి, కానీ దాని మీదే ఆధారపడకండి. లేపాక్షి ఆలయం, గండికోట రెండూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అటువంటి చోట చేతి కెమెరాకు మామూలుగా అభ్యంతరం ఉండదు, ట్రైపాడ్‌కు మాత్రం ముందుగా అనుమతి తీసుకోవాలి. సెలవుల మీద వెళ్ళేవాళ్ళు దాని కోసం తిరగడం మానుకుని, ఇంకో ఏర్పాటు చేసుకోవడం మంచిది. జానెడు గుడ్డ సంచి ఒకటి కుట్టించి, ముప్పావు వంతు బియ్యమో పెసలో పోసి, మూతి కుట్టేయండి. రాతి గట్టు మీద దాన్ని పెట్టి, దానిలో కెమెరాను అదిమి కూర్చోబెడితే అరసెకను షట్టర్‌కు కూడా కదలదు. శిల్పం ఉన్న రాయి మీద, రంగులు వేసిన గోడకు ఆనించి మాత్రం పెట్టకండి. నేల, అరుగు, మెట్టు చాలు. నేల మీద పెట్టి తీస్తే స్తంభాలు ఎత్తుగా, గంభీరంగా కనిపించడం అదనపు లాభం. ట్రైపాడ్ ఎలాగూ కొంటున్నారు కాబట్టి ఒక్క మాట: మధ్య కడ్డీని పైకి లాగితే ఎత్తు వస్తుంది, నిలకడ పోతుంది. కడ్డీ ఎత్తకుండా మీ గడ్డం దాకా వచ్చేది చూసుకోండి. దాని కోసం మరీ పెద్ద ఖర్చు అక్కర్లేదు, డీ3500 తేలికైన కెమెరా.

బయలుదేరే ముందు ఇంట్లోనే ఒక మధ్యాహ్నం సాధన చేయండి. ఎండ కాసే వేళ, లైట్లు ఆర్పేసి, కిటికీకి ఎదురు గోడ దగ్గర కెమెరా పెట్టండి. కిటికీ అవతల చెట్టు, ఇవతల కుర్చీ, కుర్చీ కింద నేల. పైన చెప్పినట్టు వరుస తీసి కలపండి. చెట్టు ఆకులూ కుర్చీ కింది నేలా రెండూ కనిపిస్తూ, అయినా గది గదిలాగే ఉండాలి. ఈ ఒక్క దృశ్యంలో మీకు ఎదురయ్యే చిక్కులన్నీ ఉన్నాయి: గాలికి కదిలే ఆకులు, కిటికీ చువ్వల చుట్టూ తెల్లటి వలయం, లోపలి నీడలో నీలం, బయట పసుపు. డయల్ ఎటు తిప్పితే ఏమవుతుందో అక్కడ తేలిపోతే గుడిలో తడుముకోరు.

లేపాక్షి ఈ చదువుకు నిజంగా మంచి చోటు. వీరభద్రాలయం 16వ శతాబ్దపు విజయనగర కట్టడం. నాట్య మండపంలో శిల్పాల స్తంభాలు, పైకప్పు మీద రంగుల చిత్రాలు, చుట్టూ ఎండలో వెలిగే ప్రాంగణం ఉంటాయి. మండపం లోపల నిలబడి స్తంభాల మధ్య నుంచి బయటి ప్రాంగణాన్ని చూసే కోణం మీ మొదటి హెచ్‌డీఆర్. పైన చెప్పిన నాలుగు ఫ్రేముల వరుస అచ్చంగా దీనికోసమే. కెమెరా పెట్టాక మొదట బయట నేలను కొలవండి, తరువాత మీకు దగ్గరగా ఉన్న స్తంభం నీడవైపును కొలవండి. ఆ రెండు కొసల మధ్య ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టి, ఆరింటికొకటి చొప్పున తీయండి. వెలుతురు మారితే నా అంకెలు మారతాయి, ఈ పద్ధతి మారదు.

అక్కడే తల పైకెత్తితే చిత్రాలు కనిపిస్తాయి. వాటికి హెచ్‌డీఆర్ అవసరం లేదు. పైకప్పు మీద పడేది ప్రాంగణపు నేల నుంచి ఎగిరి వచ్చిన వెలుతురు, అది మెత్తగా, చాలా వరకు సమానంగా పరుచుకుంటుంది. తేడా తక్కువ, వెలుతురే తక్కువ. కెమెరాను వెల్లకిలా నేల మీద పెట్టి ఒక్క ఫొటో తీస్తే చాలు. చేత్తో పట్టుకుంటే ఐఎస్‌ఓ పెంచండి. ఫ్లాష్ మాత్రం వద్దు. పాత రంగులకు అది మంచిది కాదు, అనుమతించరు కూడా, పైగా ఫ్లాష్ పడితే చిత్రం మీద తెల్లటి మెరుపు తప్ప ఏమీ రాదు. చీకటిగా ఉన్నంత మాత్రాన హెచ్‌డీఆర్ కాదని, ఒకే ఫ్రేములో చీకటీ వెలుగూ రెండూ ఉంటేనే దాని పని అని ఈ పైకప్పు బాగా నేర్పుతుంది.

వేలాడే స్తంభం దగ్గర బ్రాకెటింగ్ పెట్టుకోకండి. దసరా సెలవుల్లో అక్కడ గుడ్డ దూర్చి చూసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ప్రతి ఫ్రేములో వేరే మనిషి, కలిపితే పారదర్శకమైన దయ్యాలు. ఫోటోగ్రాఫర్లు దీన్ని ఘోస్టింగ్ అంటారు. ఫోను తీయండి, అంతే. ఏడు పడగల నాగలింగం ఆరుబయట ఉంది, అది ఒక్క రా ఫైలుతో వస్తుంది. పైకప్పు లేని కల్యాణ మండపం కూడా అంతే, ఆకాశం కింద స్తంభాలు మాత్రమే. అక్కడ ఉదయం, సాయంత్రం పొడవాటి నీడలు పడతాయి. వాటిని నల్లగానే ఉంచండి. నీడలను తుడిచేస్తే ఆ ఫొటోలో మిగిలేది రాళ్ళ జాబితా. ఊరి మొదట్లో ఉన్న ఏకశిలా నందికి కూడా ఇదే మాట. మెడలోని గంటల కింద ముదురు నీడ ఉంటేనే ఆ చెక్కడపు లోతు తెలుస్తుంది.

గండికోటకు రాత్రికే చేరుకుని అక్కడో జమ్మలమడుగులోనో బస చేస్తే తెల్లవారుజామున లోయ దగ్గర ఉండగలరు. అక్టోబరులో ఆరు గంటల ప్రాంతంలో సూర్యోదయం. పెన్నా నది కోసుకుంటూ పోయిన ఎర్రటి రాతి గోడలు కింద చీకట్లో, పైన ఆకాశం వెలుగుతూ ఉంటాయి. చూడగానే హెచ్‌డీఆర్ అనిపించే దృశ్యం. కానీ ఇక్కడ కాలంతో పోటీ ఉంది. సూర్యుడు అంచు దాటే సమయంలో వెలుతురు నిమిషానికొక రకంగా ఉంటుంది. మీరు నెమ్మదిగా నాలుగు ఫ్రేములు తీసేలోపు మొదటి దానికీ చివరి దానికీ రంగే మారిపోవచ్చు. అందుకని ఇక్కడ వరుసను రెండు మూడు ఫ్రేములకు కుదించండి, వెంటవెంటనే తీయండి. సూర్యుడు రాకముందు ఇరవై నిమిషాలు ఆకాశానికీ లోయకూ తేడా తక్కువగా ఉంటుంది. నన్నడిగితే లోయకు అదే మంచి సమయం, ఒక్క రా ఫైలుతోనే పని అయిపోతుంది. సూర్యుడు ఫ్రేములోకి వచ్చాక లెన్సు మీద ఒక్క వేలిముద్ర ఉన్నా ఎక్కువసేపు తీసిన ఫ్రేములో పెద్ద మచ్చగా, తక్కువసేపు తీసినదానిలో చిన్న మచ్చగా పడుతుంది. కలిపినప్పుడు అది తొలగదు. బయలుదేరే ముందే లెన్సు తుడుచుకోండి.

గాలి గురించి కూడా ఒక మాట. లోయ అంచున గాలి వీస్తుంది. ట్రైపాడ్ మధ్య కొక్కేనికి మీ సంచి తగిలించండి, సంచి ఊగకుండా నేలకు తాకుతూ ఉండాలి. ఇంకొకటి, ఫొటోగ్రఫీకి సంబంధం లేదు కానీ చెప్పి తీరాలి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఒక్క అడుగు కూడా వేయకండి. ఆ రాళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటాయి, అవతల ఏమీ లేదు. జరగాలంటే కన్ను తీసి, నేల చూసి, అప్పుడు జరగండి. పిల్లలను ఆ పూట మరొకరికి అప్పగించండి.

కోటలో జామా మసీదు కమానులు మీ రెండో మంచి పాఠం. లోపలి నీడలో నిలబడి కమాను గుండా ఎండ పడిన ఆవరణను చూస్తే, లేపాక్షి మండపంలో నేర్చుకున్నదే వేరే ఆకారంలో వస్తుంది. ఈసారి నా అంకెలు చూడకుండా మీరే కొలవండి. మాధవరాయ ఆలయ గోపురం మాత్రం ఇంకో సమస్య చూపిస్తుంది. ముదురు గోపురం, వెనుక తేటయిన ఆకాశం. హెచ్‌డీఆర్ సాఫ్ట్‌వేర్‌లో పట్టీలు (స్లైడర్లు) ఎక్కువ జరిపితే గోపురం చుట్టూ తెల్లటి వలయం కమ్ముకుంటుంది. దీన్ని హేలో అంటారు. హెచ్‌డీఆర్ బొమ్మలో మొదట దొరికిపోయే తప్పు ఇదే. గోపురం మీద సూర్యుడి వెలుగు నేరుగా పడే పూట చూసి తీస్తే అసలు కలపాల్సిన పనే ఉండదు. సరైన వేళకు రావడం ఏ సాఫ్ట్‌వేర్ కన్నా చవక.

బెలూం గుహలు ఈ మూడింటిలో కష్టమైనవి. 3,229 మీటర్ల పొడవైన ఈ గుహల్లో సందర్శకులకు తెరిచినది సుమారు కిలోమీటరున్నర. మెట్లు దిగి లోపలికి వెళ్ళే గొయ్యి దగ్గర పైనుంచి పగటి వెలుతురు పడుతుంది, కొంచెం ముందుకు వెళితే పసుపుపచ్చ దీపాలు మొదలవుతాయి. ఆ మలుపులో నిలబడి వెనక్కి తిరిగి చూస్తే ఒకే ఫ్రేములో నీలం పగలు, నారింజ రాత్రి కలిసి ఉంటాయి. అక్కడ తీయండి. దీపం బల్బు ఫ్రేములో ఉంటే దానిలోని వివరం కోసం ప్రయత్నించకండి. బల్బు తెల్లగా కాలిపోతే ఎవరికీ అభ్యంతరం లేదు, అది దీపమే కదా. ఇక్కడి అసలు చిక్కు రంగుది. నీడలను లేపేకొద్దీ నారింజ ముదిరి, సున్నపురాయి గుహ కాస్తా పెళ్ళి పందిరిలా వెలిగిపోతుంది. కలిపిన తరువాత నారింజ, పసుపు రంగుల గాఢతను కొంచెం తగ్గించండి, పగటి వెలుతురు భాగాన్ని తాకకండి.

లోపల ఉక్కగా, తేమగా ఉంటుంది. చల్లటి కారులోంచి కెమెరాను నేరుగా లోపలికి తీసుకుపోతే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. కారు దిగాక సంచి మూత తెరవకుండానే, బయటి వేడికి కాసేపు అలవాటు పడనివ్వండి. దారులు కొన్నిచోట్ల ఇరుకు, వెనుక జనం వస్తుంటారు. ట్రైపాడ్ పెట్టవచ్చో లేదో టికెట్టు దగ్గరే అడగండి. పెట్టనిచ్చినా దారి మధ్యలో కాళ్ళు చాచకండి. బియ్యపు సంచి ఇక్కడ కూడా పనికొస్తుంది.

కుటుంబంతో వెళుతున్నారు కాబట్టి చెబుతున్నాను, చోటుకు ఒకటో రెండో హెచ్‌డీఆర్ దృశ్యాలు మాత్రమే ఎంచుకోండి. ఒక వరుసకు కెమెరా నిలబెట్టడం, కొలవడం, జనం తప్పుకునే దాకా ఆగడం అన్నీ కలిపి పావుగంట పడుతుంది. ఇంట్లోవాళ్ళు ఒక పావుగంట సరదాగా ఆగుతారు, రెండోది ఓర్చుకుంటారు, మూడోదానికి కారెక్కి కూర్చుంటారు. మిగిలిన సమయమంతా ఫోను తీసుకుని వాళ్ళతో ఉండండి. ఇంకో ఉపయోగం కూడా ఉంది. మీరు బ్రాకెట్ తీసిన ప్రతి చోటా, అదే కోణంలో ఫోనుతో ఒకటి తీసి పెట్టుకోండి. ఇంటికొచ్చాక మీ బొమ్మనూ ఫోను బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎక్కడ మీ నిర్ణయం మెరుగో, ఎక్కడ ఫోనే నయమో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మబ్బు పట్టిన రోజైతే హెచ్‌డీఆర్ ఊసే వద్దు, ఆ వెలుతురులో తేడాలు ఉండవు. ఆ రోజు శిల్పాలు దగ్గరగా తీయండి.

రోజూ రాత్రి హోటల్లో లాప్‌టాప్ తెరవాలన్న ఆశ వద్దు. కార్డులోని ఫైళ్ళకు ఇంకో కాపీ తీసుకుని పడుకోండి. కలపడం ఇంటికొచ్చాకే.

ఇక సాఫ్ట్‌వేర్. మీకు ఇప్పటికే అడోబీ లైట్‌రూమ్ చందా ఉంటే వేరేది వెతకకండి. నాలుగు ఫైళ్ళనూ ఎంచుకుని ఫొటో మెర్జ్‌లో హెచ్‌డీఆర్ నొక్కితే అది వాటిని కలిపి ఒక కొత్త రా ఫైలు లాంటిది ఇస్తుంది. దాన్ని మామూలు ఫొటోలాగే సవరించుకోవచ్చు. డీఘోస్ట్ అన్నది మనుషులో ఆకులో కదిలినప్పుడే వాడండి, లేకపోతే ఆఫ్. డబ్బు పెట్టకూడదనుకుంటే హెచ్‌డీఆర్‌మెర్జ్ అనే ఉచిత ప్రోగ్రాం ఇదే పని చేస్తుంది. ఏ భాగం ఏ ఫ్రేము నుంచి రావాలో కుంచెతో గీసి చెప్పే వీలు కూడా అందులో ఉంది, ప్రాంగణంలో నడిచే మనిషిని ఒక్క ఫ్రేముకే పరిమితం చేయడానికి అది చక్కగా పనికొస్తుంది. వచ్చిన ఫైలును డార్క్‌టేబుల్‌లోనో రాథెరపీలోనో తెరిచి సవరించుకోండి, రెండూ ఉచితమే.

లూమినెన్స్ హెచ్‌డీఆర్ అని ఇంకొకటి ఉంది, అదీ ఉచితమే. దానిలో టోన్ మ్యాపింగ్ పద్ధతులు బోలెడు. తెర చూపించలేనంత విస్తారమైన వెలుతురును తెరకు సరిపడేలా కుదించడమే టోన్ మ్యాపింగ్. ఫత్తాల్, మాంటియుక్ అన్న పేర్లు నొక్కితే గోడల మీది ప్రతి గరుకూ లేచి నిలబడుతుంది. మొదటిసారి చూస్తే ముచ్చటేస్తుంది. అంతర్జాలంలో ఒకప్పుడు వెల్లువెత్తిన గరుకు గరుకు హెచ్‌డీఆర్ బొమ్మలు ఇలాంటి సరుకే. రైన్‌హార్డ్‌తో మొదలుపెట్టండి, అది మెత్తగా ఉంటుంది. ఇంకో దారి ఎక్స్‌పోజర్ ఫ్యూజన్. మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ 2007లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. విశాలమైన హెచ్‌డీఆర్ ఫైలు తయారుచేయకుండా, ప్రతి ఫ్రేములో బాగా వచ్చిన భాగానికే ఎక్కువ తూకం ఇచ్చి నేరుగా కలిపేస్తుంది. ఎన్‌ఫ్యూజ్ అనే ఉచిత పనిముట్టు దీన్ని చేస్తుంది. మండపం దృశ్యాలకు దీని ఫలితం చాలాసార్లు సహజంగా ఉంటుంది, పట్టీలు తక్కువ కాబట్టి పాడుచేసే అవకాశమూ తక్కువే.

ఈ కలపడం కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1850లలో ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని తీసేటప్పుడు ఆకాశానికి ఒక నెగెటివ్, నీటికి ఒక నెగెటివ్ తీసి, రెండింటినీ ఒకే ముద్రలో కలిపిన సందర్భాలు ఉన్నాయి. ఆ కాలపు గాజు ఫలకాల మీద నీలాకాశం తేలిగ్గా తెల్లబోయేది. వేర్వేరు ఎక్స్‌పోజర్ల నుంచి దృశ్యంలోని అసలు వెలుతురును లెక్కగట్టే గణితాన్ని డెబెవెక్, మాలిక్ 1997లో ప్రచురించారు. మీ లాప్‌టాప్‌లో మెర్జ్ మీట నొక్కినప్పుడు జరిగేది ఆ దారిలో వచ్చినదే.

సవరించేటప్పుడు నేను చూసేది ప్రధానంగా ఒకటే: లోపల బయట కన్నా వెలుతురుగా ఉందా? ఎండలో ఉన్న ప్రాంగణం కంటే మండపం స్తంభం ప్రకాశంగా కనిపిస్తే ఎక్కడో గీత దాటారు. షాడోల పట్టీని పూర్తిగా పైకి తోసి, హైలైట్లను పూర్తిగా కిందికి లాగితే ఇదే జరుగుతుంది, మేఘాలు మురికి బూడిద రంగులోకి దిగుతాయి. షాడోలను లేపినాక, నల్లటి భాగాల పట్టీని కొంచెం కిందికి లాగి ఒకటి రెండు మూలలను పూర్తిగా నల్లబడనివ్వండి. తరువాత బొమ్మను తెర మీద బొటనవేలంత చిన్నది చేసి చూడండి. అంత చిన్నగా ఉన్నా వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలియాలి. తెలియకపోతే అన్నీ సమానం చేసేశారన్నమాట, పట్టీలను సగానికి తగ్గించండి. గోపురం అంచును మాత్రం వంద శాతానికి పెంచి చూడండి, వలయం అక్కడే దొరుకుతుంది.

మొదటగా లేపాక్షి మండపం వరుసనే కలపండి, జనం లేని వరుస ఉంటే అది. బెలూం రంగుల జోలికి చివరగా వెళ్ళండి. కలిపాక విడి రా ఫైళ్ళు తుడిచేయకండి, ఆరు నెలల తరువాత అవే ఫైళ్ళను మీరు ఇంకోలా కలపాలనుకుంటారు. డీ3500 ఫైళ్ళు ఒక్కొక్కటి సుమారు 20 ఎంబీ, వరుసకు అరచేతులతో కలిపి ఆరనుకున్నా 64 జీబీ కార్డు ప్రయాణమంతటికీ మిగిలిపోతుంది. తీసిన వాటిలో ఒక వరుసకు చెందిన విడి ఫ్రేములు, కలిపిన బొమ్మ రెండూ ఇక్కడ పెడితే, ఎక్కడ పట్టీ ఎక్కువ జరిగిందో చూసి చెబుతాను.